నాలుక కింద గులకరాయి

శ్వేతగిరి రాజ్యానికి ఉత్తరపు సరిహద్దు నేల కాదు, మబ్బు. కొండ అక్కడ కత్తితో కోసినట్టు తెగిపోతుంది. ఆ అంచు కింద కనుచూపు మేరంతా మేఘసముద్రం. పొద్దు పొడవగానే అది లేత గులాబీ రంగులో మేలుకుంటుంది, ఎండెక్కేకొద్దీ బంగారు నీరు పూసుకుంటుంది, గాలి వీచినప్పుడు కెరటాలై లేచి కొండ పాదాలను చప్పుడు లేకుండా కడుగుతుంది. దాని అడుగు చూసి తిరిగి వచ్చినవాడు లేడు. దాని ఆవలి ఒడ్డున స్ఫటికదుర్గం ఉందనీ, అందులో వక్రజిహ్వుడనే మాంత్రికుడు ఉంటాడనీ మాత్రం పాలు తాగే పసిపిల్లలకు కూడా తెలుసు.

ఆ అంచు మీదే శిలామౌన విద్యాపీఠం. కొండను తొలిచి నిలబెట్టిన మంటపాలు, పచ్చరాతి మెట్లు, స్తంభం స్తంభానికీ ఒక విద్య చెక్కిన తలుపులు. పీఠం ముందు పెద్ద బండ ఒకటి మబ్బుల మీదికి చాచుకుని ఉంటుంది. దానిపేరు కార్యరంగం. అక్కడ నిలబడి కిందికి చూసిన ఎంతటివాడికైనా నోట మాట రాదు. విచిత్రమేమిటంటే, అక్కడ మాట్లాడకపోవడమే నియమం కూడాను!

పరీక్ష అనగానే గురువు అడగడం, శిష్యుడు గుక్కతిప్పుకోకుండా వల్లించడం అనుకుంటున్నారా? ఆ పప్పులు శిలామౌనంలో ఉడకవు. పరీక్షకు వచ్చిన విద్యార్థి పీఠం సెలయేటిలోంచి ఒక గులకరాయి ఏరుకుని నాలుక కింద పెట్టుకోవాలి. పరీక్ష ముగిసేదాకా అది బయటికి రాకూడదు. ఇక చేతులే మాట్లాడాలి. వంతెన కట్టడం నేర్చినవాడు వంతెన కట్టి, దానిమీద తన తల్లిని నడిపించాలి. వైద్యం నేర్చినవాడు రోగిని లేపి నిలబెట్టాలి. చూడటానికి ముగ్గురు పెద్దలు కూర్చుంటారు. ఒకరు విద్యార్థి చేతిని చూస్తారు. ఒకరు చూపును చూస్తారు. మూడోవారు విద్యార్థి వైపు కన్నెత్తి కూడా చూడరు. అతని చేతిలో పడిన ప్రాణికో, వస్తువుకో ఏమైందో అదొక్కటే చూస్తారు. మెచ్చినవారు ఒక పూవు వేస్తారు, ముగ్గురి పూలూ పడితేనే నెగ్గినట్టు.

ఆ మూడో పీట మీద కూర్చునేది పీఠాధిపతి వావిలమ్మ. వెన్ను వంగింది కానీ చూపు వంగలేదు. రాజుగారినైనా "నాయనా" అనే పిలుస్తుంది.

ఆనాటి పరీక్ష పక్షివైద్యానిది. రాజ్యమంతా కొండెక్కి కూర్చుంది. మహారాజు ప్రతాపమౌళి, ఆయన పక్కన మంత్రి బహుశ్రుతుడు రత్నకంబళ్ళు పరిచిన అరుగు మీద ఆసీనులయ్యారు. శంఖం ఊదారు. పరీక్షార్థి చైత్రుడు రంగం మీదికి నడిచి వచ్చాడు. అతని వెనకాలే ఇంకో చైత్రుడు నడిచి వచ్చాడు!

జనం గొల్లుమన్నారు. అదే ముఖం, అదే గిరజాల జుట్టు, ఎడమ కనుబొమ మీద అదే గాటు. చివరికి మొలకు కట్టుకున్న తోలుసంచి కూడా ఒక్కటే.

"ఇదేం మాయ?" అన్నాడు రాజు లేచి నిలబడి. "మీలో చైత్రుడెవడు?"

"నేనే ప్రభూ!" అన్నారు ఇద్దరూ, ఒకే గొంతుతో.

వాళ్ళకు తెలియదు గానీ మనం చెప్పేసుకుందాం. ముందు వచ్చినవాడు వక్రజిహ్వుడు. వెనకాల కళ్ళు వాచి, కాళ్ళీడ్చుకుంటూ వచ్చినవాడు అసలు చైత్రుడు. నిన్న సాయంత్రం సెలయేటి గట్టున ఒక ముసలి బాటసారి అతన్ని ఆపి, "పరీక్ష రేపే కదా నాయనా, నీ చదువంతా ఒక్కసారి వల్లించు, విని తరిస్తాను" అన్నాడు. కుర్రవాడు సంబరపడి కూర్చుని వల్లించాడు. నోటి నుంచి వెళ్ళిన ప్రతి శ్లోకమూ మనసులోంచి కూడా వెళ్ళిపోయింది. మూలికల పేర్లు పోయాయి, ఎముకల పేర్లు పోయాయి, మనుషుల పేర్లు పోయాయి, మాటల్లో చెప్పుకునే ఇంటి కబుర్లూ పోయాయి. తీరా తల ఎత్తి చూసేసరికి ఎదుట బాటసారి లేడు, తనే కూర్చుని ఉన్నాడు, తన నవ్వే నవ్వుతున్నాడు!

ఈ దొంగతనమంతా ఎందుకంటే, చైత్రుడి అక్క కువలయ కోసం. కిందటేడు ఇదే పరీక్ష నెగ్గి మేఘరవమనే గండభేరుండం పగ్గాలు అందుకున్న పిల్ల ఆమె. ఆ పక్షి గూట్లోంచి వక్రజిహ్వుడు గుడ్డు ఎత్తుకుపోతే, దాన్ని తేవడానికి మేఘసముద్రం దాటి వెళ్ళింది. పక్షి ఒక్కటే రెక్క విరిగి తిరిగి వచ్చింది. వావిలమ్మ తన బింబపాత్రలో నీళ్ళు పోసి చూస్తే సంగతి కనిపించింది. కువలయ గుడ్డుతో సహా స్ఫటికదుర్గపు గర్భగృహంలోకి దూరి లోపల గడియ వేసుకుంది. ఆ తలుపు బయటనుంచి ఇంద్రుడొచ్చినా తెరుచుకోదు. కానీ మాంత్రికుడి శాపం తగిలి ఆమె చేతులు మణికట్టు దాకా స్ఫటికమైపోయాయి. గుడ్డు నేడో రేపో చిట్లుతుంది. గండభేరుండం పిల్ల పుట్టగానే ఏ మనిషి చెయ్యి తగిలితే ఆ చేతికి జీవితాంతం లొంగి ఉంటుంది. స్పర్శలేని స్ఫటికపు చేతులు దానికి పనికిరావు.

అక్కను మోసగించి తలుపు తీయించడానికి తమ్ముడి ముఖమూ మాటలూ చాలు. తల్లిపక్షిని కూడా కాజేయాలంటే మాత్రం పరీక్ష నెగ్గాలి. నెగ్గినవాడికే పగ్గాలిస్తారు. వక్రజిహ్వుడికి రెండూ కావాలి. వాడి ఆశకు అంతూ పొంతూ ఉందా!

"ప్రభూ, దీనికింత హైరానా దేనికి?" అన్నాడు మంత్రి బహుశ్రుతుడు, మీసం దువ్వుకుంటూ. ఈ చేసి చూపించే పరీక్షలంటే ఆయనకు మొదటినుంచీ గిట్టదు. "నాలుగు ప్రశ్నలడిగితే చిటికెలో తేలిపోతుంది. ఏమయ్యా, మొదటి చైత్రుడా! గండభేరుండం రెక్కలో ఎముకలేవి?"

వక్రజిహ్వుడు చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని అందుకున్నాడు. ఎముకల పేర్లు, వాటి కీళ్ళు, కీళ్ళకు పట్టే నూనెలు, ఆ నూనెలు కాచే విధానం, ఏ ఋతువులో ఏ కట్టు కట్టాలో ఛందస్సు తప్పకుండా చెప్పుకుపోయాడు. జనం తలలూపారు. మంత్రి ఆనందంతో తొడ చరుచుకున్నాడు.

"ఇప్పుడు నువ్వు చెప్పు!"

చైత్రుడు చేతులు ముందుకు చాచాడు. "తెలుసండీ. చెయ్యి పెడితే తెలుస్తుంది. పేర్లే... పేర్లు పోయాయి. నిన్న ఒక ముసలాయన నాచేత వల్లింపజేసి..."

జనం పగలబడి నవ్వారు. "చదవనివాళ్ళంతా చెప్పే మాటే ఇది!" అని ఎవరో కేకేశారు.

"పోనీ, అంత కష్టమైనది వద్దులే. మీ అక్క పేరు చెప్పు, చాలు," అన్నాడు మంత్రి.

చైత్రుడి నోరు తెరుచుకుంది. తనను చంకనెత్తుకుని గూళ్ళ చుట్టూ తిప్పిన మనిషి, తనకు అన్నం కలిపి ముద్దలు పెట్టిన మనిషి. ఆ ముఖం కళ్ళముందే ఉంది. పేరు లేదు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"కువలయ," అన్నాడు పక్కనుంచి వక్రజిహ్వుడు మెత్తగా. "నేను ఇంట్లో కువ్వక్కా అని పిలుస్తాను."

"తేలిపోయింది ప్రభూ! ఈ మాయదొంగను మబ్బుల్లోకి నెట్టించండి!"

భటులు చైత్రుడి భుజాలు పట్టుకున్నారు. అప్పుడు వావిలమ్మ చేతికర్ర బండమీద టంగుమంది.

"నాయనా ప్రతాపమౌళీ, నీ మంత్రి చక్కగా పలకరించాడు. పలకరింపులు అయ్యాయి కదా, ఇక పరీక్ష పెట్టుకుందామా?"

"ఇంకా పరీక్షేమిటమ్మా!" బహుశ్రుతుడు గింజుకున్నాడు. "రాజ్యంలో ఇన్ని పాఠశాలలున్నాయి. ప్రతి పిల్లవాడూ చేసి చూపించేదాకా కూర్చుంటే మా గెడ్డాలు నెరిసిపోతాయి. అందరికీ ఒకే ప్రశ్న, ఒకే జవాబు. ఎంత సుఖం!"

"నీకు సుఖమే బాబూ. రేపు నీ కాలు విరిగితే కట్టుకట్టడానికి ఎవర్ని పిలుస్తావు? శ్లోకం చెప్పినవాణ్ణా, కట్టు కట్టినవాణ్ణా?"

రాజుకు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. "పీఠం ఆచారం ప్రకారమే కానివ్వండి. ఇద్దరూ చేసి చూపించాలి. ఓడినవాడికి మేఘసముద్రమే గతి."

పీఠం పక్కనున్న గుహ తలుపులు తెరుచుకున్నాయి. లోపలి చీకట్లోంచి ముందు ఒక గాలి వచ్చింది. ఆ గాలికి జనం ఉత్తరీయాలు వెనక్కి కొట్టుకున్నాయి. తరువాత రెండు తలలు బయటికి వచ్చాయి, ఒక్కొక్కటి దేవుడి రథం మీది కలశమంత. కళ్ళు కాగుతున్న తేనె రంగు. మెడల మీద నెమలికంఠపు నీలం, రొమ్ము మీద పసుపు, ఈకల చివర పగడపు ఎరుపు. నడుస్తుంటే గోళ్ళకింద బండ గరగరలాడింది. ముసలివాళ్ళు అప్రయత్నంగా చేతులు జోడించారు. తల్లులు పిల్లల కళ్ళు మూయబోయి, తామే రెప్పవేయడం మరిచిపోయారు. అంతటి మేఘరవం ఎడమరెక్క నేలకు ఈడ్చుకుంటూ, అడుగు అడుగుకీ మూలుగుతూ వస్తోంది. అది చూసి రాజు కళ్ళు కూడా చెమర్చాయి.

ముందు వక్రజిహ్వుడి వంతు. గులకరాయి నాలుక కింద పెట్టుకోగానే వాడి ముఖం వికారంగా ముడుచుకుంది. వాడి శక్తంతా నాలుకలోనే ఉంది మరి! అయినా తమాయించుకున్నాడు. శ్లోకంలో ఉన్నట్టే కుడి తలకు మేత పెట్టాడు. ఆ వెంటనే ఎడమ తల ఈర్ష్యతో బుసకొట్టి వాడి భుజం మీద ఒక్క పోటు పొడిచింది. వాడు ఎవరికీ కనిపించకుండా మొలసంచిలోంచి మత్తుపొడి తీసి ఊదాడు. రెండు తలలూ తూలి వాలిపోయాయి. ఇక అడ్డేముంది? సుగంధ తైలం పూశాడు. పట్టుబట్టతో కట్టు కట్టాడు. ఆ కట్టు మడతల సొగసు చూసి ఆడవాళ్ళు ముచ్చటపడ్డారు.

చేతిని చూసే పెద్దాయన పూవు వేశాడు. చూపును చూసే పెద్దాయన కూడా వేశాడు. బహుశ్రుతుడు చప్పట్లు కొట్టాడు.

వావిలమ్మ పక్షినే చూస్తోంది. పూవు ఆమె ఒళ్ళోనే ఉంది.

"బాగుంది నాయనా. ఇక ఎక్కు."

వక్రజిహ్వుడు ఉలిక్కిపడ్డాడు. శిలామౌనం పద్ధతి అదే. కుదిర్చిన రెక్కమీద కుదిర్చినవాడే ముందుగా ఎగరాలి. ఏ శ్లోకంలోనూ లేదది. వాడు పక్షి వంక చూశాడు, మబ్బుల వంక చూశాడు. ఆశ భయాన్ని తొక్కేసింది. ఎగిరి మెడల మధ్య కూర్చుని మడమలతో పొడిచాడు.

మేఘరవం మత్తులోనే లేచి, బండ అంచుకు పరుగెత్తి, రెక్కలు విప్పింది. కుడిరెక్క ఆకాశమంత విచ్చుకుంది. ఎడమరెక్క సగంలో ఫటుక్కున ముడుచుకుపోయింది! పక్షి అంచుమీదనుంచి జారింది. ఒక్క కాలిగోళ్ళు బండను పట్టుకున్నాయి. అంతటి శరీరమూ మేఘాలమీద వేలాడింది. జనం గుండెలు బాదుకున్నారు.

"థూ!" అని గులకరాయి ఉమ్మేశాడు వక్రజిహ్వుడు. మంత్రం అరిచాడు. గిరజాలు పొగలయ్యాయి, ముఖం సాగి నల్లబడింది, నోట్లోంచి వంకర నాలుక గడ్డందాకా దిగింది. "ఒరే చైత్రా! పక్షి పోతే పీడాపోయింది. నీ మాటలన్నీ నా దగ్గరే ఉన్నాయిరా! నీ అక్క చేత తలుపు తీయించడానికి అవి చాలవూ?" అని వికటంగా నవ్వి, పొగసుడిలా మేఘసముద్రం మీదుగా మాయమయ్యాడు.

రాజు కత్తి దూశాడు. ఎవరిమీద దూయాలి? భటులు చైత్రుణ్ణి వదిలేసి దూరంగా జరిగారు. బహుశ్రుతుడు పూనకం దిగినవాడిలా అరుగు మీద కూలబడ్డాడు.

వావిలమ్మ ఒక్కతే పీటమీదనుంచి కదలలేదు. చైత్రుణ్ణి దగ్గరికి పిలిచి, తడిగా ఉన్న గులకరాయి ఒకటి అతని అరచేతిలో పెట్టింది.

"నీ వంతు నాన్నా."

చైత్రుడు రాయి నాలుక కింద పెట్టుకున్నాడు. చల్లగా ఉంది. నిన్నటినుంచీ లోపల గోలగోలగా వెతుకులాడుతున్నదేదో ఒక్కసారిగా ఊరుకుంది. ఇక పేర్లతో పనిలేదు. పరుగెత్తుకెళ్ళి అంచుమీదనుంచి దూకేశాడు.

పక్షి వీపుమీద పడ్డాడు. ఈకల్ని పిడికిట పట్టి మెడలదాకా పాకాడు. రెండు తలలూ భయంతో ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి. అతని కాళ్ళు వాటంతటవే మెడను చుట్టుకున్నాయి. చేతులు రెండూ తోలుసంచిలోకి వెళ్ళి, రెండు గుప్పిళ్ళతో రేగుపళ్ళు తీసి, ఇటూ అటూ ఒకే క్షణాన చాచాయి. చిన్నప్పుడు అక్క ఒక వైపు, తను ఒక వైపు నిలబడి రోజూ పెట్టిన మేత అది. రెండు ముక్కులూ ఒక్కసారే వచ్చి అందుకున్నాయి. రెండు జతల కళ్ళూ అతన్ని గుర్తుపట్టాయి. వణుకు తగ్గింది.

చైత్రుడు ఎడమరెక్క మీదికి జారాడు. పట్టుకట్టును పీకి పారేశాడు. వేళ్ళు ఈకల కింద నడిచాయి. ఇక్కడ వేడి. ఇక్కడ వాపు. ఇక్కడ కీలు పక్కకు జరిగింది. కీలు సందులో చల్లగా ఏదో ఉంది, మాంసం కానిది, ఎముక కానిది. వక్రజిహ్వుడు వదిలిన స్ఫటికపు ములికి! అది ఉండగా ఏ కట్టు కట్టినా వృథా.

కానీ లాగితే? ఆ నొప్పికి పక్షి బండను వదిలేస్తుంది. పడతారు.

అతను తల ఎత్తి పైకి చూశాడు. అంచుమీద వేలాది ముఖాలు కనిపించాయి. అన్నీ అతన్నే చూస్తున్నాయి. వావిలమ్మ మాత్రం పక్షిని చూస్తోంది. చైత్రుడు కూడా పక్షినే చూశాడు. ములికి పట్టుకుని బలమంతా పెట్టి లాగాడు.

మేఘరవం పెట్టిన కేకకు కొండ కొండంతా దద్దరిల్లింది. గోళ్ళు బండను వదిలేశాయి. పక్షీ, మనిషీ తెల్లటి మబ్బులో మునిగిపోయారు. మబ్బు మళ్ళీ మూసుకుంది.

రాజు కిరీటం తీసి చేతపట్టుకున్నాడు.

"అయిపోయింది," అన్నాడు బహుశ్రుతుడు, నిజంగానే ఏడుపు గొంతుతో. "పాపం కుర్రవాడు..."

"ష్! పరీక్ష జరుగుతోంది బాబూ," అంది వావిలమ్మ.

కింద, దిక్కు తెలియని ఆ తెల్లదనంలో, తలకిందులుగా పడిపోతూ చైత్రుడు రెక్కను రెండు చేతులా కౌగిలించుకున్నాడు. మోకాలు కీలుకు ఆనించాడు. గాలి చెవుల్లో హోరెత్తుతోంది. గాలి ఏ వైపునుంచి కొడుతోందో చూసుకున్నాడు. అది రెక్కను తోసే క్షణానికి తన తోపు కూడా కలిపాడు. లోపల కటుక్కుమంది. తన మొలగుడ్డ విప్పి కీలు చుట్టూ బిగించి ముడివేశాడు. అందం చందం లేని ముడి, కానీ గట్టిముడి.

పైనున్నవాళ్ళకు ముందు మేఘం ఉబ్బడం కనిపించింది. తరువాత అది చీలింది. అబ్బబ్బ, ఏమని చెప్పడం! చీలిన మబ్బులోంచి మేఘరవం లేచింది. రెండు రెక్కలూ విప్పి, కార్యరంగమంతా తన నీడతో కప్పి, సూర్యుడికి ఎదురుగా లేచింది. ఈకల అంచులనుంచి నీటిముత్యాలు రాలుతుంటే ప్రతి ముత్యంలోనూ ఒక హరివిల్లు. రెండు కంఠాలూ కలిసి పాడటం మొదలుపెట్టాయి. ఒకటి మంద్రం, ఒకటి తారం. ఆ పాట విని రాజుగారి గుర్రాలు సకిలించాయి, పీఠం గంటలు ఎవరూ కొట్టకుండానే మోగాయి. జనమంతా మోకాళ్ళమీద వాలిపోయారు. ఏడుస్తున్నామని కూడా వాళ్ళకు తెలియదు. వీపుమీద చైత్రుడు, మొలగుడ్డ లేక చిన్న గోచీతో, రక్తమోడుతున్న చేతులతో నిటారుగా కూర్చుని ఉన్నాడు.

పెద్దలిద్దరూ తాము తొందరపడి వేసిన పూలు ఏరుకుని, సిగ్గుపడుతూ మళ్ళీ వేశారు. వావిలమ్మ తన పూవును గాలిలోకి విసిరింది. మేఘరవం ఎడమతల వంగి దాన్ని ముక్కుతో అందుకుంది.

"చైత్రుడు నెగ్గాడు!" అని అందరికన్నా ముందు అరిచినవాడు ఎవరనుకున్నారు? బహుశ్రుతుడే!

రాజు దిగమని చెయ్యి ఊపాడు. చైత్రుడు దిగలేదు. మేఘసముద్రం వైపు చెయ్యి చూపాడు. వావిలమ్మకు అర్థమైంది. వెళ్ళు అన్నట్టు కర్ర ఎత్తింది.

ఇక ఆ ప్రయాణం! పిడుగుల తోటలో మెరుపులు చెట్లై మొలుస్తుంటే వాటి కొమ్మల సందుల్లోంచి దూసుకుపోయారు. పొగరంగు మేఘసర్పం ఒకటి పడగవిప్పి అడ్డుపడితే, కుడితల దాని పడగను, ఎడమతల తోకను పట్టి తాడులా లాగి అవతల పడేశాయి. వడగళ్ళ వాన కొట్టింది. చైత్రుడు బోర్లా పడుకుని తన వీపుతో కట్టును కాచుకున్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మబ్బులు పక్కకు తొలగి స్ఫటికదుర్గం కనిపించింది.

అది మనుషులు కట్టింది కాదు, చలి కట్టింది. గోపురాల మీద గోపురాలు, ఆకాశంలోంచి కిందికి వేలాడే మెట్లు, గాలికి వీణల్లా మోగే గవాక్షాలు. పక్షిని పైకప్పు మీద వదిలి, చైత్రుడు ఒక గవాక్షంలోంచి లోపలికి దూకాడు. నడవలో ఎటు చూసినా అద్దంలాంటి గోడలు, ప్రతి గోడలోనూ తన ప్రతిబింబమే. అతను నడిస్తే వేలాది చైత్రులు నడిచారు. అతను ఆగితే ఆగారు. ఒక్కడు మాత్రం ఆగలేదు. దూరాన, మలుపు దగ్గర, చక్కగా బట్టలు కట్టుకున్న ఒక చైత్రుడు తన దారిన తాను నడుస్తూ పోతున్నాడు.

చైత్రుడు స్తంభాల చాటుకు జరిగాడు. పిల్లిలా వెంబడించాడు.

నడవ చివర నిలువెత్తు స్ఫటికపు తలుపు ఉంది. తలుపు మధ్యలో చెయ్యి పట్టేంత కంత. మాంత్రికుడు దానికి నోరు ఆనించి, చైత్రుడి గొంతుతో పిలిచాడు.

"కువ్వక్కా! నేనే, వచ్చేశాను. తలుపు తియ్యి!"

లోపలనుంచి నీరసపు గొంతు వినిపించింది. "నువ్వేనా తమ్ముడూ? నిజంగా నువ్వేనా? చిన్నప్పుడు గూట్లోంచి జారిపడ్డావే, అప్పుడు నీకు ఏమైంది?"

"కుడిచెయ్యి బెణికింది. వావిలాకు కాచి కట్టావు. మంటగా ఉందని ఏడిస్తే కొబ్బరిముక్క పెట్టావు."

"అమ్మ నాకు ఏ పువ్వు పెట్టేది?"

"నాగమల్లి. ఉన్న ఒక్క పువ్వూ నాకే కావాలని నీ జడలోంచి లాగేశాను, అమ్మ వీపు చీరేసింది."

లోపల ఏడుపూ నవ్వూ కలిసి వినిపించాయి. చేతులు పనిచేయని మనిషి మోచేతులతో గడియను తోస్తున్న చప్పుడు వినిపించింది.

స్తంభం చాటున చైత్రుడు ఇదంతా విన్నాడు. తీయకక్కా అని అరవాలి. కానీ అరిస్తే ఒకే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది. ఆమె మళ్ళీ ప్రశ్నలడుగుతుంది. జవాబులన్నీ వాడి దగ్గరే ఉన్నాయి. తనకు ఆమె పేరు కూడా రాదు!

గడియ చప్పుడు సగంలో ఆగింది.

"తమ్ముడూ," అంది కువలయ. "జవాబులన్నీ సరిపోయాయి. ఒక్కటీ తప్పలేదు. అదే నాకు భయంగా ఉందిరా! నీకెప్పుడు అన్నీ గుర్తున్నాయి కనక?" తరువాత ఆమె గొంతు మారింది. "మనం శిలామౌనం పిల్లలం. నోట్లో రాయి పెట్టుకో. కంతలోంచి చెయ్యి లోపలికి పెట్టు. గుడ్డు చిట్లుతోంది. నా చేతులు పనికిరావు. నా మోచేతులమీద గుడ్డు పెట్టుకుని కంత దగ్గరికి తెస్తాను. పెంకులోంచి పిల్లను బయటికి తియ్యి. చూస్తాను."

వక్రజిహ్వుడు అప్రయత్నంగా నోరు తడుముకున్నాడు. రాయి కొండమీదే ఉమ్మేశాడు! ఉన్నా లాభమేమిటి, శ్లోకంలో ఆ పని పేరే ఉంది, పని లేదు. "అక్కా, అదంతా ఎందుకే, ముందు తలుపు..." అంటూనే వెనక్కి తిరిగాడు. తిరిగితే ఏముంది! చైత్రుడు అప్పటికే వాడి చంకకిందనుంచి దూరి, కుడిచెయ్యి మోచేతిదాకా కంతలోకి దూర్చేశాడు.

అరచేతికి వెచ్చటి గుడ్డు తగిలింది. పెంకులో రెండు చోట్ల పగుళ్ళు. ఒక తలను ముందు తీస్తే రెండోది ఊపిరాడక చచ్చిపోతుంది. బొటనవేలు ఒక పగులుమీదికి, చిటికెనవేలు రెండో పగులుమీదికి వాటంతటవే వెళ్ళాయి. రెండూ ఒక్కసారే, ఒకే బరువుతో మెల్లగా నొక్కాయి.

లోపల కువలయ ఊపిరి బిగపట్టింది. తరువాత వెక్కి వెక్కి ఏడ్చింది.

"నువ్వేరా! నా తండ్రీ, నువ్వే! ఆ నొక్కు నేను నేర్పిందే! కదలకు నాన్నా, పిల్ల మెడలు రెండూ నీ వేళ్ళ మధ్యే ఉన్నాయి. ఇప్పుడు చెయ్యి ఇసుమంత కదిలినా విరిగిపోతాయి!"

చైత్రుడి ఎదుట తలుపు అద్దంలా మెరుస్తోంది. అందులో తన ముఖం, దాని వెనక తన ముఖమే. ఆ వెనక ముఖం సాగింది, నల్లబడింది, వంకర నాలుక బయటికి వచ్చింది. వక్రజిహ్వుడు ఒరలోంచి కత్తి లాగి రెండు చేతులా ఎత్తాడు. నడవ గోడలన్నిటిలోనూ కత్తులు లేచాయి. పైకప్పు మీద మేఘరవం అరుపు, దాని వెంటే అది గోళ్ళతో స్ఫటికాన్ని పగలగొట్టుకుంటూ కిందికి దిగుతున్న చప్పుడు వినిపించాయి.

చైత్రుడు పళ్ళు బిగించాడు. నాలుక కింద గులకరాయి ఇంకా చల్లగానే ఉంది. కత్తి దిగివస్తుండటం అద్దంలో చూస్తూనే, చెయ్యి కదపలేదు. అప్పుడే అతని అరచేతిలో తడితడిగా రెండు బుల్లి తలలు పైకి లేచాయి.